"ఇంగో ముద్ద" దౌర్జన్యం

మా కర్నూలు కల్లూరులో చిన్నపిల్లలకు బువ్వ పెట్టే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లోడు మొహం తిప్పేస్తాడు, నోరు బిగిస్తాడు, చేత్తో తోసేస్తాడు. మాటలు రాని పిల్లోడు "చాలు" అని ఇంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పాలండీ? అయినా అవ్వ సెల్‌ఫోన్లో బొమ్మలు పెట్టి, "ఇంగో ముద్ద నాయనా" అంటూ కుక్కేస్తుంది. ఒకప్పుడు చందమామ, ఇప్పుడు యూట్యూబు... అంతే తేడా.

ప్రేమే, కాదన్లేదు. కానీ ఆ ప్రేమ దేన్ని చెడగొడుతోందో చూడండి. 1987లో అమెరికాలో లియాన్ బర్చ్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. కొందరు పిల్లలకు తమ ఆకలినీ, కడుపు నిండడాన్నీ గమనించడం నేర్పారు. ఇంకొందరి దృష్టిని కంచంలో ఎంత మిగిలింది, తింటే బహుమతి ఏమిటి అన్నవాటి మీదికి మళ్లించారు. ముందు పెట్టిన చిరుతిండిలో క్యాలరీలు ఎక్కువైతే మొదటివాళ్లు తర్వాత తగ్గించి తిన్నారు. రెండోవాళ్లకు ఆ లెక్క తప్పింది. మా సాఫ్ట్‌వేరోళ్ల భాషలో చెప్పాలంటే, చక్కగా పనిచేసే సెన్సారును మనమే ఆపేస్తున్నాం!

2001లో లండన్లో జేన్ వార్డిల్ బృందం పిల్లల తిండి తీరును కొలవడానికి 35 ప్రశ్నల పట్టిక తయారుచేసింది. దాన్ని వాడిన అధ్యయనాల్లో, కడుపు నిండిందని త్వరగా గ్రహించే పిల్లలు సన్నగానూ, తిండి కనబడితే ఆగలేని పిల్లలు బరువుగానూ ఉండడం పదేపదే కనిపించింది. ఇందులో పుట్టుకతో వచ్చే పాలూ పెద్దదే. బలవంతం చేస్తే అందరూ లావైపోతారని నేననను. మామూలుగా ఎక్కువ బలవంతం జరిగేది బక్కపిల్లల మీదే. నేననేది, ఉన్న ఆ కాస్త గ్రహింపునూ చంపొద్దని.

"కరువు సీమలో పుట్టి తిండి వద్దంటావా?" అని పెద్దలు కోప్పడతారు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువు పిల్లలు 3.4 శాతం, 2015-16లో 2.1 శాతమే. రెండు సమస్యలూ మనవే. అయితే ఎదగని పిల్లోడికి కావాల్సింది గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూర. బరువు పెరక్కపోతే డాక్టరు. అంతేగానీ ఫోను చూపించి కుక్కే వరిబువ్వ కాదు.

ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పెద్దలు చూసుకోవాలి. ఎంత తినాలో పిల్లోడికి వదిలేయాలి. అమెరికాలో ఎలిన్ శాటర్ అనే ఆహార నిపుణురాలు ఏళ్ల తరబడి చెప్పింది ఇదే. అన్నం పారేస్తే పాపమా? అయితే ముందే తక్కువ వడ్డించండి. పిల్లోడి కడుపు మిగిలింది పడేసే కుండ కాదు కదా!