తంజావూరు: చూచునవి, చదువవలసినవి

తంజావూరు పోయి వచ్చినవారిని అచట ఏమి చూచితిరని అడిగినచో పెక్కుమంది చెప్పు సమాధానము ఒక్కటియే: పెద్దగుడి, పెద్దనంది, నేలపై నీడ పడని విమానము. ఇందు మొదటి రెండును సత్యములు. మూడవది అసత్యము. ఎండ కాయుచున్న ఏ ప్రాతఃకాలముననైనను ప్రాంగణమున నిలిచి చూచినచో, 200 అడుగులకు మించిన ఆ విమానపు నీడ పడమటివైపు నేలపై పఱచుకొనియుండుట కనబడును. మధ్యాహ్నవేళ నీడ విమానపు అంతస్తులమీదనే పడుటను చూచి ఎవరో కల్పించిన మాట కావచ్చును. నంది నానాటికి పెరుగుచుండగా మేకు కొట్టి ఆపిరను కథయు దీనికి తోడు. నిజమునకు ఆ నంది రాజరాజచోళునినాటిది కాదు, నాయకరాజుల కాలపుది.

ఈ విషయమున మార్గదర్శకుని నిందించుట న్యాయము కాదు. గంటసేపటిలో యాత్రికుని మెప్పించి నాలుగు రూకలు గడించుకొనవలసినవాడు తాను విన్నదియే చెప్పును. వానికి వేఱొకటి చెప్పినవారు లేరు. చెప్పవలసినవారు ఎవరనునదే విచారింపదగిన అంశము.

ఆ ఆలయము తన కథను తానే చెప్పుకొనుచున్నది. తాను ఇచ్చినవియు, తన అక్క ఇచ్చినవియు, తన దేవేరులు ఇచ్చినవియు, ఇతరులు ఇచ్చినవియు శిలపై చెక్కింపుడని రాజరాజు ఆజ్ఞాపించెను. చోళులకు ముందును వెనుకను పెక్కండ్రు రాజులు గుళ్లు కట్టించిరి గాని, ఇంతటి లెక్క ఒప్పగించినవారు అరుదు. తన 25వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీ.శ. 1010లో, విమానాగ్రమున నిలుపుటకై అతడు రాగికలశమును సమర్పించిన దినముకూడ అందు కలదు. వివిధాలయములనుండి రప్పించిన 400 మంది నర్తకీమణుల పేర్లు, వారు ఏ ఆలయమునుండి వచ్చిరో, ఏ వీథిలో ఏ వరుసయందలి ఏ యిల్లు ఎవరిదో, ఒక్కొక్కరికి ఏటేట ఒక్కొక్క పాలుగా ముట్టవలసిన 100 కలముల ధాన్యము, అన్నియు శిలపై చెక్కబడియున్నవి. తిరుప్పదియము పాడువారు, మద్దెల వాయించువారు మొదలగువారి లెక్కయు కలదు. వేయేండ్లనాటి ఒక నర్తకి పేరు, ఆమె యింటిస్థానము తెలియవచ్చు చోటు భారతదేశమున మఱి ఎన్ని కలవు? యాత్రికుడు ఆ అక్షరములకు ఆనుకొని కూర్చుండి పాదరక్షలు తొడిగికొని పోవుచున్నాడు. 1891 మొదలు హుల్ట్జ్ పండితుడు దక్షిణభారత శాసనముల రెండవ సంపుటమున వీనిని ప్రకటించెను. గ్రంథము లేదనుటకు వీలులేదు. చదువువారు లేరు.

సంస్కృతాధ్యేతలకు ఇంకను ఆసన్నమైన విషయమొకటి కలదు. గర్భాలయముపై అంతస్తునందలి ప్రదక్షిణపథమున, భరతుని నాట్యశాస్త్రము చతుర్థాధ్యాయమున చెప్పబడిన 108 కరణములను చతుర్భుజుడైన శివుడే ప్రదర్శించుచున్నట్లు చెక్కుటకు శిల్పులు పూనుకొనిరి. 81 పూర్తియైనవి, తక్కిన 27 శిలాఫలకములు చెక్కకయే నిలిచినవి. చిదంబర గోపురములందలి కరణశిల్పములకంటె ఇవి ప్రాచీనములు. సామాన్యయాత్రికునకు అచటికి ప్రవేశము లేదు; రక్షణదృష్ట్యా అది సమంజసమే. కాని శాస్త్రము చెప్పు ఆచార్యుడును, దానిని వల్లించు విద్యార్థియు ఆ శిల్పముల ఛాయాచిత్రములనైన ముందిడుకొనక, కరణలక్షణములను కేవలము పదవిభాగముగా చెప్పుకొని తృప్తిపడుట సమంజసమని ఎవరు అనగలరు? క్రింది ప్రదక్షిణపథమున నాయకకాలపు చిత్రములక్రింద చోళచిత్రములు దాగియున్నవని 1931లో ఎస్.కె. గోవిందస్వామి కనుగొనువఱకు లోకమునకు తెలియదు. ఒక పూతక్రింద మఱియొక పూత యుండుట ఆ గోడలకే కాదు, ఆ నగరమునకే చెల్లును.

చోళులనాటి ద్రావిడభాష, శాసనాదిని గ్రంథలిపిలో సంస్కృతశ్లోకము, 1803లో శరభోజి మహారాజు చెక్కించిన భోసలవంశచరిత్ర మహారాష్ట్రభాషలో, అన్నియు ఒక్క ఆలయమున కలవు. తెలుగు మాత్రము రాళ్లమీదకంటె తాళపత్రములమీద ఎక్కువగా నిలిచినది. రఘునాథనాయకుని ఆస్థానమున చేమకూర వేంకటకవి విజయవిలాసమును అంకితమిచ్చెను. రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును రచించెను. విజయరాఘవుని కొలువున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును వ్రాసెను. తరువాతి మరాఠీప్రభువులలో శాహజి తానే తెలుగున యక్షగానములను కూర్చెను. మాతృభాష వేఱైన రాజు తెలుగున కవిత్వము చెప్పుట గౌరవముగా భావించిన ఊరు అది.

ఆ వాఙ్మయము చేరియున్న సరస్వతీమహల్ గ్రంథాలయము 1918 నుండి ప్రజలకు అందుబాటులో ఉన్నది. 1880లో బర్నెల్ సంస్కృతగ్రంథసూచికను ప్రకటించెను. 1928 మొదలు పి.పి.ఎస్. శాస్త్రి వివరణాత్మకసూచికలు వెలువడినవి. నేడు యాత్రికులు చూచునది అందలి ప్రదర్శనశాలను. గాజుపెట్టెలో ఒక తాళపత్రము, ఒక చిత్రపటము, పావుగంట. ప్రాచ్యకళాశాలల విజ్ఞానయాత్రలును ఇంతకంటె మెఱుగుగా జరుగుచున్నవని చెప్పజాలము. ఉదయమున కుంభకోణము, మధ్యాహ్నమున తంజావూరు, రాత్రికి మధుర. విద్వాన్ పరీక్షకు విజయవిలాసము చదివిన విద్యార్థి, ఆ కావ్యము వెలసిన సంస్థానమున బస్సు వేళకై తొందరపడుచున్నాడు.

యాత్రికునకు విస్మయమే చాలును, శాసనపాఠము చెప్పి విసిగింపరాదని కొందఱందురు. అందు కొంత యథార్థము కలదు. స్థలమాహాత్మ్యములును వాఙ్మయమే, వానిని పరిహసించుట పండితధర్మము కాదు. కాని నీడ పడని గోపురముకంటె నాలుగువందలమంది స్త్రీల యిండ్లలెక్క తక్కువ విస్మయమును కలిగించునా? ఆ లెక్కను చదివి చెప్పగలవాడు లేనప్పుడే కల్పన అవసరమగుచున్నది. గ్రంథలిపి నేర్పు పాఠశాలలు తఱిగిపోవుచున్న యీ దినములలో ఇది తంజావూరునకు మాత్రమే సంబంధించిన చింత కాదు. చదువువారు లేని తాళపత్రమును గాజుపెట్టెలో ఉంచిన నేమి, నంది మండపమున ఉంచిన నేమి?

కావున కళాశాలలు యాత్రకు ముందు ఒక మాసము గ్రంథలిపిపరిచయము, ఎంచిన రెండు శాసనముల పాఠము, నాట్యశాస్త్ర చతుర్థాధ్యాయమునుండి కొన్ని కరణముల లక్షణము చెప్పించుట మంచిది. నగరమున రెండు దినములు ఉండవలెను. అందొక దినము గ్రంథాలయమునకే విడువవలెను. ముందుగా వ్రాసి అనుమతి పొందినచో, ఒక్క తెలుగుప్రతినైనను విద్యార్థులు స్వయముగా చూచి పాఠభేదములు వ్రాసికొనవచ్చును. వీలైనచో యాత్రను వైశాఖమునకు మార్చుట మేలు. నృసింహజయంతినాట సమీపమునందలి మెలట్టూరు గ్రామమున వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాదచరిత్రమును భాగవతమేళమువారు నేటికిని తెలుగుననే ఆడుచున్నారు. ముద్రితపాఠమును చేత పట్టుకొని, తెల్లవాఱువఱకు కూర్చుండి, వారి ఉచ్చారణను మన విద్యార్థులు గుర్తించి వ్రాసికొని రావలెను.