గుర్రపుశాలకు వైభవమేది?

దూరదేశములలో ధనవంతులు తమ గుర్రములకై కట్టించుకొనుచున్న శాలల చిత్రములు ఈ మధ్య మన విద్యార్థుల చేతి ఫోనులలో విరివిగా కనబడుచున్నవి. పాలరాతి నేలలు, పైకప్పునుండి వ్రేలాడు గాజుదీపముల గుత్తులు, తళతళలాడు ఇత్తడి కమ్ములు, నగిషీ చెక్కిన తలుపులు! పిల్లలు విస్తుపోవుట సహజమే. అయితే ఆ శాలలో గుర్రమునకు పనికివచ్చునది ఎంత, చూడవచ్చిన అతిథికి పనికివచ్చునది ఎంత అని విడదీసి చూచినచో లెక్క వేరుగా తేలును. గుర్రము పీల్చు గాలి, అది నిలుచు నేల, అపాయమున అది బయటపడు ద్వారము - ఈ మూటితోనే శాల వైభవమును కొలువవలెనని మా అభిప్రాయము.

ఈ విషయము మనకు పరాయిది కాదు. గుర్రములు కట్టు చోటును తెలుగున లాయమందుము. మన ఇరుగుపొరుగు తమిళులును లాయమే అందురు. మనకు కూతవేటు దూరముననున్న శ్రీవిల్లిపుత్తూరులో జరిగిన గోదాదేవి కథను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రచించెనని మన పిల్లలెరుగుదురు. ఆ కావ్యములోనే రాయలు రాజనీతిని చెప్పుచు, దూరదేశములనుండి ఏనుగులను, మేలిగుర్రములను తెచ్చు వర్తకులకు ఊళ్లును, నగరమున మంచి ఇండ్లును ఇచ్చి ఆదరింపవలెననియు, లేనిచో ఆ గుర్రములు శత్రువును చేరుననియు హెచ్చరించెను. ఆ రాజ్యపు ప్రభువు ఏటేట 13,000 గుర్రములను కొనుచుండెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసెను. సాళువ నరసింహరాయలైతే ఓడలో చచ్చిన గుర్రమునకుగూడ, తోక తెచ్చి చూపినచో, బ్రతికియున్నదానితో సమానముగా వెల యిచ్చెనట!

ఇంత ధనము పోసి కొన్న గుర్రములు ఏమైనవి? 13వ శతాబ్ది చివర మార్కో పోలో మన దక్షిణపు తీరమునకు వచ్చెను. తామ్రపర్ణి సముద్రమున కలియు చోటికి దాపుననున్న కాయల్ రేవున అరబ్బీ గుర్రములు దిగుచుండెను. పాండ్యరాజులు ఏటేట వేలకొలది కొందురనియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో మిగులునవి బహుకొద్ది యనియు ఆయన వ్రాసినాడు. గుర్రముల రోగమెరిగినవారు ఇచట లేరనియు, వానికి మాంసము కలిపి వండిన అన్నము పెట్టుచుండిరనియు చెప్పినాడు. ఉలవలు పండు సీమలో గుర్రమునకు మాంసాన్నము! కొనుటకు చూపిన ఔదార్యములో పదియవ వంతు పెంచుటలో చూపినను ఆ మూగజీవములు బ్రతికెడివేమో.

పెంచు తెలివి లోకమున లేకపోలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులు చెప్పుచు శాల కొలతలనే ఇచ్చెను. గుర్రపు నిడివికి రెండింతలు శాల వెడల్పు, నాలుగు ద్వారములు, నడుమ గుర్రము పొర్లుటకు చోటు, ఒక్కొక్క గుర్రమునకు దాని నిడివి కొలదిగా నలుచదరపు స్థానము, నున్నని పలకల నేల, మేత తొట్టి, మలమూత్రములు పోవుటకు మార్గము. కోతులు, నెమళ్లు, చిలుకలుకూడ శాలలో నుండవలెనట. గ్రీకు దేశమున జెనొఫన్, తడినేల, నునుపునేల డెక్కలను చెరచునని చెప్పి, వాలుగా కాలువలు తీసి, డెక్క యంత రాళ్లను దగ్గర దగ్గరగా పరపించుమనెను; యజమాని కంట తరచు పడునట్లు లాయమును కట్టుమనెను. ఇద్దరి నేలలు వేరైనను మురుగు పోవు దారిని ఇద్దరును మరువలేదు.

ఆడంబరమునకు పరాకాష్ఠ ఫ్రాన్సులోని షాంతిలీ. బూర్బన్ ప్రభువు లూయీ హెన్రీ మరుజన్మలో తాను గుర్రమై పుట్టుదునని నమ్మి, తన హోదాకు తగినట్లు దానిని కట్టించుకొనెనని ఒక కథ కలదు. శిల్పి జాన్ ఓబేర్ 1719లో పని మొదలిడగా, 1735 నాటికి 186 మీటర్ల పొడవున, 240 గుర్రములకు చాలునట్లు సౌధము లేచినది. కథ నిజమైనను కాకున్నను అందులో ఒక మంచి పరీక్ష ఉన్నది: కట్టించువాడు తానే ఆ గదిలో కట్టువడి యుండవలసినచో ఏమి కోరును? దీపగుచ్ఛమును మాత్రము కోరడు.

గుర్రము రోజునకు మూత్రముతో కలిపి 20 కిలోలకు పైబడి మలము విడుచును. దానినుండి లేచు అమ్మోనియా ఘాటు ఊపిరితిత్తులను తినివేయును. కనుక కప్పు ఎత్తుగా, వెన్నుకడ్డీ వెంబడి సందుతో, చూరు క్రింద గాలి వచ్చునట్లు ఉండవలెను. ఒక్కొక్క గుర్రమునకు 12 అడుగుల నలుచదరము చాలును. అది మందలో బ్రతుకు జంతువు. గోడలు మూసి ఒంటరిగా నుంచినచో బెంగపడును. పక్క గుర్రము కనబడునట్లు కమ్ములుంచుట పాలరాతికంటె గొప్ప ఉపకారము.

ఇక అగ్నిభయము. ఒంటికి నిప్పంటిన పొట్టేలు లాయములోని గడ్డిలో దూరి పొర్లగా రాజుగారి గుర్రములు కాలిపోయిన కథ పంచతంత్రమున చదివినదే. ఎండుగడ్డి, కొయ్య, ధూళి ఒక్కచోట చేరిన తరువాత శాల ఎంత అందముగా నున్న నేమి? ఒక్క సింహద్వారమునకు నగిషీలు చెక్కించి, లోపలి గదులన్నిటికి అదే దారిగా ఉంచిన శాల మాకు సుందరముగా తోచదు. బాణసంచా పనిగదులను ఎడముఎడముగా ఎందుకు కట్టుదురో, వాని తలుపులు బయటివైపునకే ఎందుకు తెరచుకొనవలెనో శివకాశి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట ఒకరైనను ఆ పనిలో ఉన్నవారు మనలో ఎందరో కలరు. ఆ ఎరుక పెద్ద పెద్ద భవనముల చిత్రములు గీయువారికి లేకపోవచ్చును, మనకు కలదు.

మరియొక మాట. ఆ విదేశపు చిత్రములలో రాత్రివేళ గుర్రముల చెంతనుండు పనివాని గది ఎక్కడను కనబడదు. వానికొక మంచము, ఒక కిటికీ కూడ లెక్కలో చేరవలెను.

పై తరగతుల విద్యార్థులు మన ఎండలకు తగినట్లు ఆరు గుర్రముల లాయమునకు పటము గీసి తెచ్చినచో ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము. ఇంటిపనులు కట్టించు తండ్రులు పిల్లలకు తోడ్పడవచ్చును. తాటాకు చల్లనిదే కాని నిప్పునకు ఓర్వదు, పెంకు మేలు. గడ్డివామును ఎంత దూరమున వేయవలెనో, తలుపులు ఎటు తెరచుకొనవలెనో పటమున చూపవలెను. కొలతలు అడుగులలో వ్రాయవలెను. గుమ్మటములు గీయనక్కరలేదు.