ఊరు కదలలేదు, జాడ మారింది

ఇల్లు కట్టిన చోటనే వుంటుంది; ఇంటివారి జిల్లా మాత్రం మారిపోతుంది. వినడానికి పొడుపుకథలా వున్నా, హుజూరాబాదుకు చేరువలోని కమలాపూర్ మండలం వారికి ఇది అనుభవమే. 2016 అక్టోబరు 10వ తేదీ రాత్రి వారు పడుకున్నది కరీంనగర్ జిల్లాలో. మరునాడు విజయదశమి. ఆ పండుగ గడిచేసరికి వారు వరంగల్ అర్బన్ జిల్లావారు. 2021లో ఆ జిల్లా పేరు కూడా మారి హనుమకొండ అయింది. పొలం గట్లు కదలలేదు, బావులు కదలలేదు. ఐదేళ్ళలో చిరునామాలో మాత్రం మూడు జిల్లాల పేర్లు రాయవలసి వచ్చింది.

ఆ విజయదశమి నాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినాయి. 2019లో మరి రెండు చేరి 33 అయినాయి. పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగయింది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయినాయి. మరి కొన్ని మండలాలు సిద్దిపేట, జయశంకర్ భూపాలపల్లి, వరంగల్ అర్బన్ జిల్లాల పాలయినాయి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి మనం వెళ్ళే బాసర, అంతకు ముందు ఆదిలాబాద్ జిల్లాలో ముధోల్ మండలంలోని ఒక వూరు. ఇప్పుడు నిర్మల్ జిల్లాలో తానే ఒక మండలం.

మనుషులకు ఇదేమంత చిక్కు కాదు. పాత జిల్లా పేరు రాసినా పోస్టుమాను వుత్తరం తెచ్చి ఇస్తాడు. కంప్యూటరుకు ఆ లౌక్యం లేదు. చెప్పిన చోట వెతుకుతుంది. అక్కడ లేకపోతే లేదనేస్తుంది. అందుచేత ఆ కంప్యూటరుకు వూళ్ళ పట్టీ రాసి ఇచ్చేవారు ఎలా రాస్తారన్నది వారి సొంత విషయం కాదు. మన పింఛను, మన పిల్లల స్కాలర్‌షిప్పు, మన భూమి కాగితం, అన్నీ ఆ రాతలోనే వున్నాయి. మీ ఇంట్లో ఇంజనీరింగు చదివే అబ్బాయి గాని, డిగ్రీలో కంప్యూటర్లు తీసుకున్న అమ్మాయి గాని వుంటే ఈ పుట వారి ముందు పెట్టండి. లేకపోయినా మీరే చదవండి. పోపులపెట్టె సర్దుకోగలిగిన వారికి ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఆన్‌లైన్‌లో ఏ దరఖాస్తు నింపబోయినా ముందు జిల్లా ఎంచుకోమంటుంది. జిల్లా చెబితే ఆ జిల్లా మండలాలే దిగుతాయి. మండలం చెబితే అందులోని వూళ్ళే దిగుతాయి. గంపలో బుట్ట, బుట్టలో భరిణె అన్నట్టు, ఇది పెట్టెలో పెట్టె. పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో ఇలాంటి పెట్టెను అర్రే అంటారు. పెట్టె మీద అంటించిన చీటీని కీ అంటారు.

ఈ పీహెచ్‌పీకి ఆద్యుడు రాస్మస్ లెర్డార్ఫ్. గ్రీన్‌లాండులో పుట్టినవాడు. తన వెబ్ పుటను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి కొన్ని పనిముట్లు రాసుకుని, 1995లో వాటిని లోకానికి ఇచ్చాడు. తమాషా ఏమిటంటే, ఇప్పుడు పీహెచ్‌పీ అన్న పేరును విడమరిస్తే అందులో మొదటి మాట మళ్ళీ పీహెచ్‌పీయే. పేరులోనే పేరు దాగి వున్న ఈ భాషకు పెట్టెలో పెట్టె సర్దడం కొత్త కాదు గదా!

చీటీల మీద తెలుగు అక్షరాలు రాసినా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. కమలాపూర్ మండలంలోని కమలాపూర్ వూరి పెట్టె కావాలంటే ఇలా అడగవచ్చు:

$జిల్లాలు['కరీంనగర్']['కమలాపూర్']['కమలాపూర్']

చదవడానికి హాయిగానే వుంది. కాని ఇందులో రెండు కష్టాలున్నాయి. ఒకటి, ఆ పేర్లు ప్రోగ్రాములోనే మేకులు కొట్టినట్టు దిగిపోయినాయి. కమలాపూర్ జిల్లా మారితే ప్రోగ్రామంతా వెతికి మార్చాలి. రెండవది ఇంకా గట్టిది: మూడు బ్రాకెట్లంటే మూడే మెట్లు. రేపు జిల్లాకూ మండలానికీ నడుమ రెవెన్యూ డివిజను కూడా కావాలంటే నాలుగు మెట్లవుతాయి. మెట్లు మారవని ఎవరు చెప్పగలరు? 1985లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం మండలాలు తెచ్చినప్పుడు తాలూకాలూ ఫిర్కాలూ పోయినాయి గదా.

కాబట్టి తెలిసినవారు చేసే పని ఏమిటంటే, దారిని ప్రోగ్రాములో కలిపి కుట్టకుండా విడిగా ఒక జాబితాగా వుంచుకుంటారు. దానిని మనం జాడ అందాం.

$జాడ = ['హనుమకొండ', 'కమలాపూర్', 'కమలాపూర్'];

జాడలో మూడు పేర్లున్నా, ఐదున్నా ప్రోగ్రాముకు ఒకటే. ఒక్కొక్క పేరు తీసుకుంటూ ఒక్కొక్క మెట్టు దిగుతుంది. చిన్న అర్రేనే తాళపుచెవుల గుత్తిలా చేతికిచ్చి పెద్ద అర్రేలోకి పంపడమన్నమాట. కొందరు తొందరపడి, జాడలోని పేర్లతో ఆ బ్రాకెట్ల వాక్యాన్ని అక్షరాలుగా కూర్చి, దానిని నడిపించమని ఇవాల్ అనే ఆజ్ఞకు అప్పగిస్తారు. అది మాత్రం వద్దు. ఆ పేరు ఏదో వెబ్ పుటలో ఎవరో టైపు చేసినదయితే, వీధిన పోయేవాడికి మన ఇంటి బీగాలు ఇచ్చినట్టే.

ఇక మెట్లు దిగడంలో రెండు రీతులున్నాయి: చూసి రావడానికి వెళ్ళడం ఒకటి, పెట్టి రావడానికి వెళ్ళడం ఇంకొకటి. రెండూ ఒకటే అనుకోవడంలోనే అసలు ప్రమాదమంతా వుంది.

చూసి రావడం ఇలా. పెద్ద పెట్టెను చేతిలోకి తీసుకోవాలి. జాడలోని మొదటి పేరు చదవాలి. చేతిలో వున్నది నిజంగా పెట్టేనా, అందులో ఆ చీటీ వున్నదా అని చూడాలి. వుంటే ఆ లోపలి పెట్టెను చేతిలోకి తీసుకుని తరువాతి పేరుకు పోవాలి. లేకపోతే అక్కడే ఆగి, లేదని చెప్పి వెనక్కు రావాలి. అంతే.

పెట్టి రావడంలో ఇంకొక సంగతి వున్నది. పీహెచ్‌పీలో ఒక అర్రేను మామూలుగా మరొక పేరుకు ఇస్తే మనకు అందేది నకలు. తహశీలు ఆఫీసు నుంచి పహాణీ నకలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని దాని మీద ఎంత చక్కగా దిద్దినా ఆఫీసులోని అసలు మారుతుందా? మారదు. అసలు మీదే చెయ్యి వేయాలంటే పేరు ముందు & గుర్తు పెట్టాలి. దానిని రిఫరెన్సు అంటారు. అలా అసలును పట్టుకుని మెట్టు మెట్టూ దిగి, చివరి పెట్టెలో విలువ పెట్టాలి. తరువాత అన్‌సెట్ అనే మాటతో ఆ పట్టు వదిలేయాలి. వదలకపోతే, ఆ పేరుతోనే తరువాత ఏది రాసినా పాత వూరి లెక్కలోకే పోతుంది.

ఇలా అసలును పట్టుకుని దిగేటప్పుడు చీటీ కనబడకపోతే పీహెచ్‌పీ ఆగదు. అప్పటికప్పుడు కొత్త పెట్టె చేసి, చీటీ అంటించి, ముందుకు పోతుంది. కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది వరమే. జగిత్యాల పెట్టెను ముందుగా చేసి పెట్టుకోనక్కరలేదు. మొదటి వూరు రాగానే జిల్లా పెట్టె, మండలం పెట్టె వాటంతటవే పుడతాయి. నడుమ ఒకచోట పెట్టెకు బదులు ఎవరో జనాభా సంఖ్య రాసి వుంటే మాత్రం, అంకెలో పెట్టె పెట్టలేనని తప్పు చూపించి ఆగిపోతుంది. అది మేలే. ఆగినవాణ్ణి సరిచేయవచ్చు.

ఆగకుండా చేసే తప్పుతోనే చిక్కు. ఒక దరఖాస్తులో 'రాజన్న సిరిసిల్ల' అని, ఇంకొక దానిలో వుత్త 'సిరిసిల్ల' అని వచ్చిందనుకోండి. మనకు రెండూ ఒకటే. పీహెచ్‌పీకి అక్షరం అక్షరం కలవాలి. ఎక్కడో ఒక ఖాళీ జాగా ఎక్కువైనా అది వేరే చీటీయే. వెంటనే పటంలో లేని ఒక జిల్లా పుడుతుంది. ఒక పెద్దావిడ పింఛను దరఖాస్తు అందులో పడిందంటే, అది పోయిందని చెప్పడానికి లేదు, వున్నదే. కాని వున్నచోట ఎవరూ వెతకరు. సిరిసిల్ల అధికారి తన జాబితా తెరిస్తే ఆమె పేరు కనిపించదు. గంటకొట్టి పిలిచే తప్పులకన్నా ఇలాంటి మౌనపు తప్పులే మనిషిని ఎక్కువ తిప్పుతాయి.

కాబట్టి నియమం ఇది: చూసి రావడానికి వెళ్ళినప్పుడు & గుర్తు పట్టుకుపోకూడదు; కేవలం చూసినందుకే ఖాళీ పెట్టెలు పుట్టుకొస్తాయి. పెట్టి రావడానికి వెళ్ళినప్పుడు మొదటి మెట్టు దగ్గరే, ఈ జిల్లా మన పట్టీలో వున్నదేనా అని అడిగి మరీ దిగాలి. మెట్లు ముందే తెలిసిన చిన్న పనులకు 2015లో వచ్చిన ఏడవ పీహెచ్‌పీ, ?? అనే గుర్తు ఇచ్చింది. పెట్టె దొరకకపోతే రెండో పక్కన మనం రాసినది చేతికి ఇస్తుంది. కొత్త పెట్టెలేవీ పుట్టించదు.

లేకపోవడానికీ ఖాళీగా వుండడానికీ వున్న భేదం కూడా చూడాలి. తెలంగాణ రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాలని వుంటాయి. బేచిరాక్ అంటే దీపం లేనిది. ఇళ్ళూ మనుషులూ లేకపోయినా ఆ వూరి పేరు, సరిహద్దులు, భూములు లెక్కలో వుంటాయి. అలాంటి వూరి చీటీ కింద ఏమీ రాయక నల్ అని వదిలితే, ఇస్సెట్ అనే ప్రశ్నకు పీహెచ్‌పీ లేదనే చెబుతుంది. అర్రే కీ ఎగ్జిస్ట్స్ అని అడిగితే వుందంటుంది. పైన చెప్పిన ?? గుర్తుది కూడా ఇస్సెట్ చూపే. దీపం లేదన్నంత మాత్రాన వూరే లేదనకూడదు గదా.

పేర్లతో ఇన్ని తంటాలుంటే అంకెలు వాడరాదా అంటారా? వాడవలసిందే. 2011 జనగణనలో ఆదిలాబాద్ జిల్లాకు 532, కరీంనగర్‌కు 534. ప్రతి వూరికీ ఆరంకెల సంఖ్య. పేరు మారినా సంఖ్యను బట్టి వూరిని గుర్తుపట్టవచ్చు. కాని అంకెలకూ వాటి పేచీ వుంది. 2001లో ఆదిలాబాద్ సంఖ్య 01. పీహెచ్‌పీ '1' అన్న చీటీని అంకెగా మార్చుకుంటుంది, '01' అన్నదానిని మాటగానే వుంచుతుంది. అవి రెండు వేరు వేరు పెట్టెలవుతాయి. పైగా రెండు అర్రేలను అర్రే మెర్జ్‌తో కలిపితే అంకెల చీటీలన్నీ చింపేసి సున్నా నుంచి మళ్ళీ వరుసగా అంటిస్తుంది. 532, 534 ఏమయినాయో దేవుడికెరుక. చీటీలు నిలవాలంటే అర్రే రిప్లేస్ వాడాలి.

చివరి మాట అన్నిటికన్నా ముఖ్యమైనది. వూళ్ళను పెట్టెలో పెట్టెగా దాచి వుంచనక్కరలేదు. వూరికొక వరుస చొప్పున పొడుగాటి పట్టీ రాసుకుంటే చాలు: సంఖ్య, వూరు, మండలం, జిల్లా, నియోజకవర్గం. పెట్టెలు కావలసినప్పుడు ఆ వరుసల నుంచి జాడ తీసి అప్పుడే కట్టుకోవచ్చు. కలెక్టరు కచేరీకి జిల్లా, మండలం, వూరు అన్న జాడ. ఎన్నికల పనికి నియోజకవర్గం, మండలం, వూరు అన్న జాడ. 2016లో జిల్లాలు మారినాయి గాని శాసనసభ నియోజకవర్గాలు మారలేదు. అందుకే కమలాపూర్ ఒక జాడలో హనుమకొండ కింద, మరొక జాడలో హుజూరాబాద్ కింద వస్తుంది. రెండూ నిజమే. పట్టీ ఒకటే, ప్రోగ్రామూ ఒకటే. మారినది జాడ మాత్రమే.

జిల్లాల గీతలు ముందు ముందు ఎవరు ఎలా గీసినా గీయవచ్చు. జాడను ప్రోగ్రాములో మేకు కొట్టకుండా విడిగా వుంచుకున్నవాడు ఆ రోజు ఒక్క పట్టీ దిద్దుకుని ఇంటికి పోతాడు. మేకు కొట్టినవాడు మేకులు పీకుతూ కూర్చుంటాడు. వాడితోపాటు కచేరీ మెట్ల మీద దరఖాస్తుదారులూ కూర్చోవలసి వస్తుంది.