చీటీలు మడులకే వేశారు, ఊళ్లకు కాదు

"ఈ ఎరువు వేస్తే ఎకరాకు నాలుగు బస్తాలు అదనం. పరిశోధనలో రుజువైంది" అని కరపత్రాల్లోనూ, రైతు సదస్సుల్లోనూ చెబుతుంటారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ పరిశోధన ఎలా జరిగిందో అడక్కుండా అప్పు చేసి ఎరువు కొనకండి.

పంటల ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది యాదృచ్ఛిక బ్లాకుల పద్ధతి. పేరు చూసి బెదరక్కర్లేదు. 1919లో ఇంగ్లండులోని రోథంస్టెడ్ పరిశోధన కేంద్రంలో చేరిన ఆర్.ఎ. ఫిషర్ దీన్ని తీర్చిదిద్దాడు. పొలమంతా ఒకే సారం ఉండదు కదా! అందుకని సారం దాదాపు ఒకేలా ఉన్న నేలను ఒక్కో బ్లాకుగా విడదీస్తారు. ప్రతి బ్లాకులోనూ పోల్చదలచిన ఎరువులకు తలా ఒక మడి, ఏమీ వేయకుండా ఒక మడి. ఏ మడికి ఏది వేయాలో చీటీలు తీసినట్టు నిర్ణయిస్తారు. మంచి మడి తమకిష్టమైన ఎరువుకే దక్కకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. పద్ధతి మంచిదే. దాని హద్దులు మరచిపోవడంతోనే చిక్కు.

మొదటి హద్దు మడి పరిమాణం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు మడి అనుకోండి. అంటే 20 చదరపు మీటర్లు. దాని దిగుబడిని సుమారు 200తో హెచ్చిస్తేనే ఎకరా లెక్క వస్తుంది. తూకంలో 100 గ్రాములు తేడా వస్తే ఎకరాకు 20 కిలోలు తప్పినట్టే. గట్టు వార దుబ్బులకు ఎండా గాలీ ఎక్కువ తగులుతాయి. ఆ చిన్న మడిలో గట్టుకు 20 సెంటీమీటర్ల లోపు జాగాయే ఆరో వంతు! అందుకే జాగ్రత్త గల శాస్త్రజ్ఞులు అంచు వరుసలు వదిలేసి లోపలి పంటనే తూస్తారు. మీకు చెప్పిన లెక్క అలా తూచిందేనా?

రెండోది ఇరుగుపొరుగు. ఒక మడిలో చేసింది పక్క మడికి తగలదని ఈ పద్ధతి నమ్మకం. నీళ్లు మడి నుంచి మడికి పారితే యూరియా కూడా పారుతుంది. మందు కొట్టని మడిలో పెరిగిన సుడిదోమ కొట్టిన మడికి వస్తుంది. ఇంకో సంగతి చూడండి. మందు కొట్టిన చిన్న మడిలోకి పక్క మడుల నుంచి సాలీళ్లు మళ్లీ చేరతాయి. ఊరు ఊరంతా కొడితే అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? ఆ నష్టం చిన్న మడిలో కనపడదు.

మూడోది అన్నిటికన్నా పెద్దది. చీటీలు వేసింది ఆ పొలంలోని మడులకే గానీ, ఊళ్లకు కాదు. ఆ నేలలో, ఆ ఏడాది ఏది మేలో అది చెబుతుంది. నీళ్లు ఆలస్యంగా అందే కాలువ చివరి ఆయకట్టులో, చౌడు నేలలో, కూలీలు దొరకని నాట్ల రోజుల్లో ఏమవుతుందో చెప్పదు. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు తెలియంది కాదు. 1965లో మొదలైన అఖిల భారత వరి సమన్వయ పథకం ఒకే రకాన్ని పలు చోట్ల పరీక్షించేది అందుకే. ఎటొచ్చీ కరపత్రంలోకి వచ్చేసరికి ఒక్క అంకె మిగులుతుంది, హద్దులు ఎగిరిపోతాయి.

కనుక రైతు సోదరులు ఈ ప్రశ్నలు అడగాలి. ఎన్ని చోట్ల, ఎన్నేళ్లు చేశారు? మనలాంటి నేలలో చేశారా? ఎరువు ఖర్చు, కూలి పోను మిగిలిందెంత? దిగుబడిలో తేడా నిజమే అయినా, అది ఖర్చుకు చాలకపోతే మనకేం లాభం?

వ్యవసాయ అధికారులు కూడా రోడ్డు పక్క మంచి పొలాలను ఏరుకోవడం మాని, కాలువ మొదట్లోనూ చివర్లోనూ రైతుల పొలాల్లోనే ప్రయోగాలు పెట్టాలి. ఈలోగా కొత్త ఎరువు ఏదైనా పొలమంతా చల్లకండి. మిట్టన, పల్లాన, నడుమ రెండేసి చెక్కలు తీసుకుని, ఎరువు దేనికో చీటీ వేయండి. నీళ్లు కలవకుండా గట్టు కట్టండి. కోతప్పుడు విడివిడిగా తూచండి. రెండు పంటలు చూశాకే డబ్బు పెట్టండి.