హిమ్మత్‌కు తోడు హిక్మత్ కావాలి

సాహసాన్ని మెచ్చుకొనడం మన బొగ్గుగనుల ప్రాంతానికి పుట్టుకతో వచ్చిన గుణం. భూగర్భంలోకి దిగి బ్రతుకుతెరువు సంపాదించుకొనే వారి బిడ్డలకు వెనుకంజ వేసేవాడు నచ్చడు. కనుకనే 2024 వేసవిలో సన్‌రైజర్స్ హైదరాబాద్ క్రికెట్ జట్టు బ్యాటు ఝళిపించిన తీరుకు మన యువకులు మురిసిపోయినారంటే ఆశ్చర్యపడవలసినది లేదు. ఆ జట్టు మార్చి 27న ఉప్పల్‌లో ముంబయిపై 3 వికెట్లకు 277 పరుగులు, ఏప్రిల్ 15న బెంగుళూరులో 3 వికెట్లకు 287 పరుగులు చేసినది. మే 8న లక్నో జట్టు ఉంచిన 166 పరుగుల లక్ష్యాన్ని ఒక్క వికెట్టయినా పోగొట్టుకొనక 9.4 ఓవర్లలోనే ఛేదించినది. లీగ్ దశ ముగిసేసరికి 17 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచినది.

అటువంటి జట్టు అసలైన పోటీ వచ్చేసరికి ఏమైనది? మే 21న అహ్మదాబాద్‌లో కోల్‌కతాపై 159 పరుగులకు ఆలౌట్. మే 24న చెన్నైలో రాజస్థాన్‌పై 9 వికెట్లకు 175. ఆనాడు గట్టెక్కించినది స్పిన్ బౌలర్లు. మే 26న అదే చెన్నైలో, ఫైనల్‌లో, 18.3 ఓవర్లలో 113 పరుగులకే ఆలౌట్. ఐ.పి.ఎల్. ఫైనల్ పోటీల చరిత్రలో అంత తక్కువ స్కోరు అంతకుముందు ఏ జట్టూ చేయలేదు. 6 పరుగులకే ఓపెనర్లు అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్ ఇద్దరూ వెనుదిరిగినారు. అందరిలో ఎక్కువ పరుగులు, అంటే 24, చేసినవాడు బౌలరైన కెప్టెన్ కమిన్స్. లక్నోపై ఆ విజృంభణకూ ఈ పతనానికీ నడుమ గడిచినది 18 రోజులు మాత్రమే.

దీనిని దురదృష్టమని సరిపెట్టుకొన్నవారు పలువురు. వారితో మేము ఏకీభవించలేము. హెచ్చరిక అంతకు నెల రోజుల ముందే వచ్చినది. ఏప్రిల్ 28న అదే చేపాక్ మైదానంలో చెన్నై జట్టు 212 పరుగులు చేయగా, హైదరాబాద్ 134 పరుగులకే కుప్పకూలినది. ఉప్పల్ పిచ్‌పై బంతి సూటిగా బ్యాటుకు వచ్చినంత కాలం చెల్లిన ఆట, బంతి ఆగి వచ్చే చోట, కొత్త బంతి గాలిలో మళ్లే వేళ చెల్లదని ఆనాడే తెలిసినది. తెలిసిన తరువాత కూడా మార్గం మార్చుకొనకపోవడాన్ని దురదృష్టమనవచ్చునా?

మరుసటి ఏడాది కథ ఇంకను విచిత్రమైనది. 2025 మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 6 వికెట్లకు 286 పరుగులతో ఆరంభించిన జట్టు, వెంటనే వరుసగా నాలుగు ఆటలు ఓడినది. అందులో కోల్‌కతాలో చేసినది 120. ప్లేఆఫ్ ఆశలు పూర్తిగా అడుగంటిన పిమ్మట, మే 25న, కోల్‌కతాపైనే 3 వికెట్లకు 278 పరుగులు చేసినది! చివరకు దక్కినది ఆరవ స్థానం. అవసరం తీరిన తరువాత కురిసిన వాన పైరునకు ఏమి మేలు చేయగలదు?

‘ఆ దూకుడే లేకపోతే ఫైనల్ వరకు వచ్చేవారా?’ అని విద్యార్థి మిత్రులు ప్రశ్నించవచ్చును. ఈ ప్రశ్నలో న్యాయం ఉన్నది. దూకుడును మానుకొమ్మని మేము చెప్పబోము. ఉర్దూలో హిమ్మత్ అనీ, హిక్మత్ అనీ రెండు చక్కని మాటలున్నవి. మొదటిది ధైర్యం, రెండవది వివేకం. మొదటిది ద్వారం వరకు చేర్చగలదు. లోపలికి ప్రవేశించడానికి రెండవది కావాలి.

ఈ రెండింటినీ కలిపి చూపిన మహనీయుడు మన హైదరాబాద్‌లోనే ఉండెను. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు తొలి ఆటలో దక్షిణ కొరియాపై ఒక్క గోలైనా చేయలేక 0-2తో ఓడినది. తరువాత థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. మరొకరైతే అతనిని కూర్చోబెట్టి, పాత పద్ధతినే నమ్ముకొనేవారు. రహీం సాహెబ్ సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ అతనిని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపినారు. జర్నైల్ ఆ రెండు ఆటలలోనూ గోలు చేసినాడు. సెప్టెంబరు 4న అదే కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచినది. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం 1963 జూన్‌లో కన్నుమూసినారు. దాడి ఎండిపోయినప్పుడు ఉన్న మనుషులలోనే కొత్త శక్తిని వెదకవలెనన్నది ఆయన మిగిల్చిన పాఠం.

ఈ పాఠం మన గనులకు కొత్తది కాదు. నిన్న నిలిచిన పైకప్పు నేడు కూడా నిలుస్తుందని ఏ సర్దారూ అనుకోడు. ప్రతి షిఫ్టులోనూ తట్టి, చప్పుడు విని, అవసరమైన చోట సపోర్టు పెట్టించిన తరువాతనే మనుషులను ముందుకు పంపుతాడు. అతనిని పిరికివాడని ఎవరైనా అనగలరా?

ఇక మన సంగతి. మనం కూడా ఇద్దరు ఓపెనర్లనే నమ్ముకొన్నవారము. తండ్రి గని ఉద్యోగం తనకు రాకపోతుందా అన్న ఒకే ఆశతో చదువును పక్కనబెట్టిన యువకుని ఇన్నింగ్స్, ఆ వికెట్టు పడిన రోజుననే ముగిసిపోతున్నది. టైపింగో, ఎలక్ట్రికల్ పనో, ఇంకొక భాషో, ఏదో ఒక రెండవ విద్య చేతిలో ఉన్నవాడు మాత్రమే మిగిలిన ఓవర్లు ఆడగలడు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా సవినయంగా ఒక మాట. ర్యాంకు తెచ్చిన ఇద్దరి ఫోటోలు గోడపై పెట్టుకొనడం సంతోషకరమే. కాని కళాశాల బలాబలాలు తేలేది మధ్య వరుస బెంచీలలోనే. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చి ఇంగ్లీషు పాఠం ముందు తడబడే అమ్మాయి, రాత్రి పని చేసి ఉదయం తరగతికి వచ్చే అబ్బాయి, వీరే మన మిడిలార్డర్. పరీక్షలకు ముందు రెండు నెలలు వీరికై సాయంకాలపు తరగతులు నడపడానికి పెద్ద ధనం అక్కరలేదు. ఒక గది, ఒక దీపం, ఇద్దరు ఉపాధ్యాయుల ఓర్పు ఉంటే చాలును. అర్ధ సంవత్సర పరీక్షల ఫలితాలు మనకు చేపాక్ హెచ్చరికవంటివి. వాటిని చదివి ఇప్పుడే మార్గం మార్చుకొందామా, లేక మార్చి నెలలో దురదృష్టాన్ని నిందిద్దామా అన్నది మన చేతిలోనే ఉన్నది.