అడవి దారి చూపిన గుమాస్తా

టాస్మేనియా వెళ్లొచ్చిన మన కుటుంబాలు క్రేడిల్ మౌంటెన్ గురించి, హోబార్ట్ శనివారం సంత గురించి బోలెడు చెబుతాయి. పదిహేనేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను, ఒలెగాస్ ట్రుఖానాస్ పేరు మాత్రం మనవాళ్ల నోట ఒక్కసారీ వినలేదు. ఆయనా మనలాగే వలస వచ్చినవారే. మనలో చాలామందిలాగే కుర్చీలో కూర్చుని పనిచేసిన ఉద్యోగి.

1923లో లిథువేనియాలో పుట్టారు. యుద్ధంలో దేశం చేజారిపోయాక 1948లో టాస్మేనియా చేరారు. మొదట జింకు కర్మాగారంలో కూలిపని, తర్వాత అక్కడి జలవిద్యుత్ సంస్థలో గుమాస్తాగిరీ. సెలవు దొరికితే చాలు, నైరుతి అడవుల్లో ఉండేవారు. 1958లో చిన్న పడవ వేసుకుని గోర్డన్ నది వెంట ఒంటరిగా పశ్చిమ తీరం దాకా వెళ్లారు.

ఆయన చేరదీసిన కుర్రాళ్లలో పీటర్ డాంబ్రోవ్‌స్కిస్ ఒకడు. లాత్వియా దంపతుల బిడ్డ. యుద్ధంలో తండ్రి ఆచూకీ లేకుండా పోతే, ఐదేళ్లవాణ్ణి తల్లి 1950లో హోబార్ట్‌కు తీసుకొచ్చింది. ట్రుఖానాస్ అతనికి తెడ్డు వేయడం నేర్పారు, కెమెరాతో అడవిని చూడటం నేర్పారు. పాఠాలన్నీ నడకలోనే. తండ్రి లేని పిల్లాడికి తండ్రిలా నిలిచారు.

1967 కార్చిచ్చులో ఆయన ఇల్లు కాలిపోయింది. ఏళ్ల తరబడి తీసిన ఫొటోలన్నీ బూడిదయ్యాయి. మళ్లీ మొదటినుంచీ తీయడం మొదలుపెట్టారు. అప్పటికి లేక్ పెడ్డర్ అనే అందమైన సరస్సును ముంచే ప్రాజెక్టు నడుస్తోంది. కట్టేది ఆయన పనిచేసే సంస్థే! అయినా హోబార్ట్ టౌన్ హాల్లో ఆ సరస్సు ఫొటోలు తెరమీద వేసి జనానికి చూపించారు. వీసా, ఇంటి లోను నెత్తిన ఉన్నవాళ్లకు ఆ ధైర్యం ఖరీదెంతో వేరే చెప్పక్కర్లేదు.

1972 జనవరిలో, మునిగిపోకముందే మళ్లీ ఫొటోలు తీద్దామని గోర్డన్ నదికి వెళ్లి, కాలు జారి నీళ్లలో పోయారు. వెతికి ఆయన దేహాన్ని కనిపెట్టింది పీటరే. ఆ ఏడాదే సరస్సూ మునిగింది.

పీటర్ మాత్రం కెమెరా దించలేదు. 1979లో ఫ్రాంక్లిన్ నది మలుపు దగ్గర పొగమంచులో అతను తీసిన ఫొటో 1983 ఎన్నికల్లో దేశమంతా పత్రికల్లో కనిపించింది. ఆ జూలైలో హైకోర్టు తీర్పుతో అక్కడి డ్యామ్ ఆగిపోయింది. గురువు కాపాడలేకపోయిన సరస్సు పోయింది గానీ, శిష్యుడి నది ఇవాళ్టికీ పారుతోంది. పీటర్ కూడా 1996లో అక్కడి కొండల్లోనే, ఫొటోలకని వెళ్లి, గుండె ఆగి కన్నుమూశాడు.

మన పిల్లలకు గురువులకేం కొదవలేదు. శనివారం లెక్కల ట్యూషన్, సాయంత్రం కూచిపూడి, ఆదివారం తెలుగు బడి. మా అమ్మాయీ అన్నిటికీ వెళ్తుంది. ఈ నేలనీ, ఈ నీళ్లనీ పరిచయం చేసేవాళ్లే లేరు. మనకే తెలియదు కదా, ఏం నేర్పుతాం? ఎండాకాలం వచ్చిందంటే బీచ్‌లోనో జలపాతం దగ్గరో మనవాళ్లెవరో కొట్టుకుపోయారన్న వార్త. వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో శవాన్ని ఊరికి పంపడానికి చందాలు. నది గుట్టంతా తెలిసిన ట్రుఖానాస్‌నే నీళ్లు వదల్లేదు. ఎర్రా పసుపూ జెండాల మధ్యే ఎందుకు ఈదాలో తెలియని మన కుర్రాళ్ల మాటేమిటి?

నేర్పేవాళ్లు ఈ దేశంలో వీధికొకరున్నారు. సముద్ర తీరాల్లో ఐదేళ్ల పిల్లల నుంచీ చేర్చుకునే ‘నిప్పర్స్’ నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలే. కొత్తవాళ్లను వెంట తీసుకెళ్లే బుష్‌వాకింగ్ క్లబ్బులు ప్రతి నగరంలో ఉన్నాయి. అక్కడ మనవాళ్లు కనిపించేది తక్కువ. కారణం చాలాసార్లు భయం కాదు, టైమ్‌టేబుల్. నిప్పర్స్ ఎక్కువగా ఆదివారం ఉదయమే, మా తెలుగు బడీ అప్పుడే. వేసవి నెలల్లో బడిని మధ్యాహ్నానికి జరుపుదామని మొన్న సమావేశంలో అడిగాను. ఆలోచిద్దామన్నారు. నవంబరులోపు తేల్చమని మళ్లీ అడుగుతాను.