నిండుచూలాలికి ఉద్వాసన

మా పట్టణమునందలి యొక పెద్ద బట్టలదుకాణమున నాలుగేండ్లుగా అమ్మకపు పని చేయుచున్న యువతి యొకతె గడచిన మాసమున యజమానిని ఒక్క కోరిక కోరినది. ఆమెకు ఎనిమిదవ నెల. ఉదయము పదిగంటలు మొదలు రాత్రి తొమ్మిదింటివరకు నిలువుకాళ్లమీద నుండి, బీరువాలనుండి చీరలు దించి, పరచి, మరల మడతపెట్టుట ఆమె పని. బేరములు లేని వేళ కూర్చుండుటకు ఒక ముక్కాలిపీట వేసికొనుటకు సెలవిమ్మని ఆమె అడిగెను. మరునాటి ఉదయమే గుమాస్తా యొక కాగితముతో ఎదురువచ్చెను. స్వంత కారణములచే ఉద్యోగము మానుకొనుచున్నట్లు దానిమీద ముందుగనే వ్రాయబడి యున్నది. సంతకము చేసినగాని ఆ నెల జీతము రాదని చెప్పిరి. ఆమె చేసినది. పీట యడిగిన దానికి వాకిలి చూపిరి.

ఆ దుకాణదారుని పేరు మేము వ్రాయము. వ్రాసినచో ఇది యొక్కని పాపమేయని పాఠకులు ఊరడిల్లుదురు. ఆయన క్రూరుడును గాడు. నిరుడు తన కూతురి సీమంతమునకు వీధివీధియంతయు పిలిచి పసుపుకుంకుమలు పంచిపెట్టిన గృహస్థు. తన యింటి చూలాలికి పూలజడ కుట్టించిన చేతులే పరుల యింటి చూలాలిచేత రాజీనామా వ్రాయించినవి. ఈ రెండు పనులకును నడుమ నున్న అగాధమును ఆయన ఎరుగడు. ఎరుగకపోవుటయే మన సంఘమునకు పట్టిన రోగము.

ఆ యువతి అడిగినది భిక్షయా? శాసనమును విప్పి చూతము. 1961 నాటి ప్రసూతి సౌకర్య శాసనమున నున్న నియమములు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేర్చబడి, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునందున్నవి. ప్రసవమునకు ముందుండు ఆరువారములకు పూర్వపు నెలలో, గర్భిణి కోరినచో, ఆమెచేత కాయకష్టమైన పనిగాని ఎక్కువసేపు నిలిచి చేయు పనిగాని చేయింపరాదని ఆ నియమములు స్పష్టముగా విధించుచున్నవి. పదిమంది పనివారున్న దుకాణమునకు సయితము ఇవి వర్తించును. ప్రసవమునకు ముందు పండ్రెండు నెలలలో 80 దినములు పనిచేసిన స్త్రీకి జీతముతోగూడిన సెలవు 26 వారములు. ఇద్దరు బిడ్డలున్న తల్లికి 12 వారములు. ఆమె యడిగిన ముక్కాలిపీట శాసనము ఏనాడో ఆమెకు వేసియుంచినది. యజమాని దానిని లాగివైచినాడు.

ఇక తొలగింపు మాట. సెలవులోనున్న స్త్రీని తొలగించుట, సెలవు ముగియకముందే గడువు తీరునట్లు నోటీసు నిచ్చుట, ఆమెకు నష్టము కలుగునట్లు పని షరతులను మార్చుట శాసనవిరుద్ధములు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని మన యజమానులు తెలివిగలవారు. సెలవు మొదలగువరకు వారు వేచియుండరు. కడుపు కనబడిన నాడే కాగితము సిద్ధము చేయుదురు. గర్భముతో నున్న కాలమున తొలగించినను ప్రసూతి భృతి పోదని శాసనము చెప్పుచున్నది. భృతి పోదు, సరే, ఉద్యోగమో? ఆ వాక్యమున దానినిగూర్చి మాటలేదు. రాబోవు సెలవును తప్పించుటకే తొలగించిరని న్యాయవాదులు వాదింపవచ్చును, వాదించుచున్నారు. అయినను సెలవుకాలమునకు కట్టిన గోడ ఎత్తైనది, దానికి ముందు నెలలకు కట్టినది పొట్టిది. పొట్టిగోడ యున్నచోటనే దొంగ దూకును.

దూకినవారు చిన్న దుకాణదారులు మాత్రమే యని తలపవలదు. ప్రభుత్వపు విమానసంస్థయే, పరిచారిక తొలిసారి గర్భము ధరించిన వెంటనే ఉద్యోగము ముగియునని నిబంధన పెట్టుకొనియుండెను. సుప్రీంకోర్టు 1981లో దానిని కొట్టివేసెను. ప్రభుత్వపు జీవితబీమా సంస్థ, దరఖాస్తులో గర్భవిషయమును తెలుపలేదని ప్రొబేషనులో నున్న ఉద్యోగినిని తొలగించెను; నెలసరి వివరములను గూడ ఆ దరఖాస్తు అడుగుచుండెను. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి పనిలో చేర్చుకొనుమని ఆజ్ఞాపించెను. ఢిల్లీ నగరపాలక సంస్థ దినకూలి స్త్రీలకు ప్రసూతి హక్కు లేదనగా, 2000లో అదే న్యాయస్థానము కలదనెను. కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినను భృతి ముగియదని 2023లో చెప్పెను. తీర్పులన్నియు స్త్రీల పక్షముననే యున్నవి. ఐనను ఢిల్లీదాక పోగలవారెందరు? నెలకు 12,000 రూపాయల జీతముగల అమ్మాయి వకీలుకు ఫీజు కట్టునా, మంత్రసానికి కట్టునా?

వర్తకులు చెప్పు సమాధానము మాకు తెలియనిది గాదు. "ఆరునెలలు ఊరక జీతమిచ్చుటకు మాది ధర్మసత్రమా?" అని వారందురు. ఈ ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పెదము. ఆ యువతివంటివారు ఇ.యస్.ఐ. పథకములోనివారు. 2017లో ఏర్పరచిన పరిమితి ప్రకారము నెలకు 21,000 రూపాయలవరకు జీతమున్నవారందరు దానిలో చేరుదురు. 2019 జూలై మొదలు నూటికి 3 రూపాయల 25 పైసలు యజమాని, 75 పైసలు పనివారు చెల్లించుచున్నారు. ఆమె జీతములో నెలకు 90 రూపాయలు అందులకే కోతపడినవి. ప్రసవమైన 26 వారములకు ఆమెకు రావలసిన సుమారు 72 వేల రూపాయలు ఇచ్చునది ఆ నిధియేగాని దుకాణపు గల్లాపెట్టె గాదు. చందా సక్రమముగా కట్టినవాడైనచో యజమాని చేతినుండి ఒక్క పైసాయు కదలదు. కట్టనివాడైనచో ధర్మసత్రపు మాట యెత్తుటకే అతనికి నోరులేదు.

అట్లైన ఆమెను పంపివేయనేల? ఆరునెలలు ఒక చోటును ఆమెకొరకు నిలిపియుంచవలసి వచ్చును. అంతకన్న వేరు కష్టము మాకు కానరాదు. మరియొకతెను తాత్కాలికముగా పెట్టుకొనుట, ఆమె తిరిగివచ్చినప్పుడు సర్దుబాటు చేసికొనుట, ఇంతమాత్రపు శ్రమ. దీపావళి బేరములకు పదిమందిని నెలరోజులకు చేర్చుకొని పంపివేయు నేర్పు గలవారికి ఇది అసాధ్యమా?

21,000 దాటిన జీతములవారి విషయమున మాత్రము భారమంతయు యజమానిమీదనే పడుచున్నదన్న మాట నిజము. అందుచే ఆడువారిని పనిలోనికి తీసికొనుటకే కొందరు జంకుచున్నారు. దీనికి మందు స్త్రీల హక్కును తగ్గించుట గాదు, భారమును పంచుట. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యపు బిల్లును బలపరచుచు డాక్టరు అంబేద్కరు ఈ మాటనే చెప్పిరి. తల్లికి విశ్రాంతి నిచ్చుట జాతికే మేలనియు, కావున ఆ వ్యయములో అధికభాగము ప్రభుత్వమే వహింపవలసినదనియు, అంతవరకు ఆమె శ్రమచే లాభపడు యజమాని కొంత భరించుట అన్యాయము గాదనియు వాదించిరి. మరుసటి యేట బొంబాయిలో శాసనము వచ్చినది. 1934లో, మన కోస్తా జిల్లాలు అప్పుడు చేరియున్న మద్రాసు రాజధానిలోను వచ్చినది. పరప్రభుత్వము క్రింద సయితము మన పెద్దలు సాధించిన దానిని స్వరాజ్యమున మన సోదరులే వమ్ముచేయుట చూచి మేము తలవంచుకొనుచున్నాము. స్వతంత్ర భారతము వ్రాసికొన్న రాజ్యాంగములోని 42వ అధికరణము న్యాయమైన పని పరిస్థితులను, ప్రసూతి సహాయమును కల్పింపుమని ప్రభుత్వమును ఆదేశించుచున్నది. ఆ పుటను గోడకు వ్రేలాడదీసి దండ వేయుటకు వ్రాయలేదు.

కావున మేము కోరునది ఇది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక, స్త్రీని గర్భకాలమునను, ప్రసూతి సెలవునందును తొలగింపరాదనియు, తొలగించినచో దానికి గర్భముతో సంబంధము లేదని ఋజువుచేయు భారము యజమానిదేయనియు విధించుచున్నది. మన ప్రభుత్వము దాని నింతవరకు ఆమోదింపలేదు. ఆమోదింపవలయును. ఆమోదము ఆలస్యమైనను, మన స్మృతిలోనే ఆ రెండు వాక్యములు చేర్చవలయును. గర్భకాలమున వ్రాసిన ఏ రాజీనామాయు కార్మికశాఖ అధికారి యెదుట ఆమె స్వయముగా ఒప్పుకొన్నగాని చెల్లరాదు. ఈ మూడు మాటలతో పొట్టిగోడ లేచి నిలుచును.

శాసనము మారువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పనిలేదు. ఈ పత్రికను చదువు అక్కచెల్లెండ్రకు, పఠనమందిరములలో పదిమందికి చదివి వినిపించు సోదరులకు మా విన్నపము: ముందుగా వ్రాసితెచ్చిన కాగితముమీద సంతకము చేయవలదు, చేయనీయవలదు. గర్భసంగతిని వ్రాతమూలకముగా యజమానికి తెలిపి, నకలు దాచుకొనుడు. హాజరుపట్టీని, జీతపు చీటీలను భద్రపరచుడు. 80 దినములకు సాక్ష్యము అవియే. భృతి నిరాకరించిరని గాని తొలగించిరని గాని ఉత్తరువు అందినయెడల, అందిన 60 దినములలోపల నిర్ణీతాధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఆ గడువు కన్నీటితో గడచిపోనీయకుడు. మొదట చెప్పిన యువతి విషయమున అప్పీలు సిద్ధమగుచున్నది. నిర్బంధముచే చేయించిన సంతకము సంతకమే గాదని మా వాదము.

ఆ దుకాణమున చీరలు కొను గృహిణులతో ఒక్కమాట. మీ కూతురి సీమంతపు చీరను మడత విప్పి చూపుచున్న అమ్మాయి ముఖమువంక ఒక్కసారి చూడుడు. ఆమె కూర్చుండుటకు పీట యున్నదా యని యజమానిని అడుగుడు. దేశమును మాతయని పిలుచు జాతి మనది. ఆ పిలుపు నిజమో అబద్ధమో నిండుచూలాలికి మనమిచ్చు చోటును బట్టి తేలును.